ఆరువందల నలభై చుట్లు

సోమవారం పొద్దుగాల పంచింగ్ కొట్టంగనే
సూపర్‌వైజర్ ఒక కవరు చేతుల పెట్టిండు.
"వైండింగ్ సెక్షన్ నుంచి క్యాంటీనుకు, రేపటి సంది.
జీతం అదే మాణిక్యమ్మా, గాబరా పడకు" అన్నడు.

గాబరా ఏం లేదు.
చేతులే సమజ్ గాక ఒకదాన్నొకటి చూసుకున్నయి.

పంతొమ్మిదేండ్లాయె
చర్లపల్లి ఈ రేకుల షెడ్డుకొచ్చి.
రాగితీగ, వెంట్రుకంత సన్నం.
ఎక్కువ గుంజితే తెగుతది, తక్కువ గుంజితే ఉబ్బుతది.
ఆ రెంటి నడుమ జాగ
బొటనవేలికే ఎరుక.
ఒక్కో ఫ్యాను మోటరుకు ఆరువందల నలభై చుట్లు.
లెక్క నోట్ల ఉండదు, మణికట్టుల ఉంటది.
పక్కన షహనాజ్ కొడుకు పరీక్షల ముచ్చట చెప్తుంటే
నవ్వుకుంటనే ఆగేదాన్ని, సరిగ్గ అక్కడ.

ఇప్పుడు చుట్టేటందుకు మిషనొచ్చింది. రానీ.
దాన్ని నడుపుడు నాకూ నేర్పుండ్రి అంటే
"ఇంటర్ చదివినోళ్లకే" అన్నరు.

క్యాంటీన్ల రెండువందల పది గిలాసలు.
కడుగుడు తక్కువ పని అని నేననను.
మా అమ్మ తార్నాకల నాలుగిండ్ల అంట్లు తోమే
నన్ను ఈ షెడ్డు దాక తెచ్చింది.
బాధ అది కాదు.
బల్ల జరిపినట్టు జరిపిండ్రు.
బల్లనన్న ఇద్దరు పట్టుకుంటరు.

కవరుల రెండో కాగితం ఉన్నది.
బేసిక్ అదే, నిజమే.
స్కిల్డ్ అని ఉండే కాడ హెల్పర్ అని ఉన్నది.
దాని పక్కన అలవెన్సు గడి ఖాళీ,
పన్ను ఊడిన కాడ నాలుక తగిలినట్టు
చూపు మళ్ల మళ్ల అక్కడికే పోయింది.

సైకిల్ స్టాండు కాడ యూనియన్ ఏలియా అన్న
అద్దాలు నుదుటికెత్తి చదివిండు.
"గ్రేడు తగ్గియ్యాలంటే
ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసియ్యాలె.
ఇప్పుడు సంతకం చెయ్యకుంటె మాట విననిదానివంటరు,
ఊకె చేస్తే ఒప్పుకున్నవంటరు.
చెయ్యి. కింద ఒక్క మాట రాయి."

అభ్యంతరంతో.

నా నోట్ల ఎన్నడు మెసలని మాట.
మా ఇంట్ల "వద్దు" అంటరు, "ఊహూ" అంటరు,
మరీ ఎక్కువైతే పల్లెం నెట్టేస్తరు.
ఆ రాత్రి మల్లాపూర్ల స్టవ్వు పక్కన కూసోని
బిడ్డ లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీ నిండా రాసిన.
భ కింద య వత్తు,
తీగను వెనకనుంచి తెచ్చి ముడి పడకుండ మలిపినట్టే.
"సున్నా మరిచినవమ్మా" అన్నది బిడ్డ.
పెట్టిన.

హెచ్ఆర్ గది సల్లగున్నది.
పిల్లగాడు, నా తమ్ముని కొడుకంతోడు.
"ఇట్ల రాయొద్దమ్మా, ఇది ఫార్మాట్ల లేదు."
"నేను గూడ లేను బిడ్డా ఫార్మాట్ల."
అనైతే అన్న గని, కాళ్లు వణుకుతనే ఉన్నయి.
జిరాక్సు మీద ముద్ర కొట్టేదాక కదలలే.
పావుగంటకు కొట్టిండు.
ముద్ర సగమే పడ్డది, తేదీ కనబడుతది. సాలు.

ఇయ్యాల పద్నాలుగో దినం. జవాబు రాలే.
మిషను చుట్టిన మోటర్లు ఒక లాటు వాపసొచ్చిందని
షహనాజ్ చాయ్ తాగుకుంట చెప్పింది.
సంబురపడొద్దనుకున్న. కొంచెం పడ్డ.

క్యాంటీన్ల గోడ పక్క ఫ్యాను మనదే, పాతది.
చప్పుడు వింటే అనుమానమైతది,
ఏడేండ్ల కింద జ్వరంతోని చుట్టిన లాటేమోనని.
ఆ దినం ఒక్కదానికి
ఆరువందల ముప్పై ఎనిమిది కాడ చెయ్యి ఆగింది.
రెండు తక్కువ.
ఇప్పటిదాక ఎవ్వరికి చెప్పలే.

గిలాసలు బోర్లేసి
దాని కిందనే నిలబడుత.
గాలైతే మంచిగనే వస్తది.